పద్నాలుగో గ్రూపు

గోదావరిఖనిలో పెరిగినవాళ్లకు 'గ్రూపు' అనే మాట మూడు రకాలుగా తెలుస్తుంది. పదో తరగతి అవగానే చుట్టాలు అడిగే గ్రూపు ఒకటి: ఎంపీసీనా, బైపీసీనా? బాపు గుర్తింపు కార్డు మీద ఉండే బ్లడ్ గ్రూపు ఇంకోటి. గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడు చాయ్ హోటల్లో గొంతు తగ్గించి "ఆయన ఏ గ్రూపు?" అని అడుగుతారే, అది మూడోది. నాలుగో రకం నాకు ఇంటర్ ఫస్టియర్‌లో పరిచయమైంది. ఆవర్తన పట్టికలో నిలువు వరస. ఒకే వరసలో ఉన్న మూలకాలకు బయటి కక్ష్యలో ఎలక్ట్రాన్లు అన్నే ఉంటాయి కాబట్టి పోలికలు కలుస్తాయని, గ్రూపులో కిందికి దిగేకొద్దీ గుణాలు ఒక క్రమంలో మారతాయని పుస్తకంలో ఉంది. 'కిందికి దిగేకొద్దీ' అని చదవగానే మా క్లాసులో సగం మందికి వేరే సంగతి గుర్తొచ్చి ఉంటుంది. మా ఊళ్లో దిగడమంటే బాయి దిగడమే. బాయి అంటే బొగ్గుగని. హైదరాబాద్ మిత్రులకు ఇది ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది, నీళ్ల బావి అనుకుంటారు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఏటా పద్నాలుగో గ్రూపు దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ఆవలింతలు మొదలవుతాయి. వాళ్లను తప్పుపట్టలేను. ఒకటో గ్రూపులో సోడియం నీళ్లలో పడి మండుతుంది. పదిహేడులో రంగులున్నాయి, ఘాటుంది. పద్నాలుగులో ఏముంది? కార్బన్, సిలికాన్, జెర్మేనియం, టిన్, లెడ్. మసి, ఇసుక, పేరు వినని ఒకటి, తగరం, సీసం. పాత సామాన్ల దుకాణం లాగుంటుంది.

నాకు మాత్రం ఈ వరస చెప్తున్నప్పుడు మా క్వార్టర్ కనపడుతుంది. ఇందులో నాలుగు మూలకాలు ఆ రెండు గదుల్లో, బాపు షిఫ్టులో తిరుగుతూనే ఉండేవి. ఐదోదాని కథ వేరు, దానికి వస్తాను.

బాపు అండర్‌గ్రౌండ్‌లో సపోర్ట్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా నిలబెట్టడం ఆయన పని. చేరినప్పుడు కర్ర దిమ్మెలు, తర్వాత ఇనుప ప్రాపులు, ఆ తర్వాత రూఫ్ బోల్టులు. బోల్టు వేయాలంటే పైకప్పుకు రంధ్రం కొట్టాలి. పైకప్పంటే ఇసుకరాయి. గోదావరి లోయలో బొగ్గు పొరలు ఇసుకరాతి పొరల మధ్య ఉంటాయి. పాతిక కోట్ల ఏళ్లు దాటిన నదుల ఇసుక, ఆ నదుల ఒడ్డున చచ్చి పూడిపోయిన చెట్లు, ఒకదాని మీద ఒకటి. ఇసుక అంటే చాలా వరకు సిలికాన్, ఆక్సిజన్. అంటే ఆయన ఎనిమిది గంటలు నిలబడింది పట్టికలో రెండు గళ్ల మధ్య: ఎదురుగా కార్బన్, నెత్తి మీద సిలికాన్.

బొగ్గు తీశాక మిగిలే ఖాళీని గోఫ్ అంటారు. పైన ఊరో రోడ్డో ఉన్నచోట ఆ ఖాళీని అలాగే వదిలేస్తే నేల కుంగుతుంది. అందుకని ఇసుక నింపుతారు. గోదావరి ఇసుకను (మావాళ్లు గోదావరి అనరు, గంగ అంటారు) నీళ్లతో కలిపి పైపుల గుండా బాయిలోకి పంపిస్తారు. నీళ్లు వడకట్టుకొని పంపుల మీద మళ్లీ పైకి వస్తాయి, ఇసుక కింద ఉండిపోతుంది. దీన్ని స్టోయింగ్ అంటారు. చిన్నప్పటినుంచి వినీ వినీ ఈ మాట పాలు, పేపరు లాగా అయిపోయింది. డిగ్రీలో ఒకరోజు పట్టిక ముందు పెట్టుకొని కూర్చుంటే తట్టింది. ఆరో నంబరు మూలకాన్ని తీసి, సరిగ్గా దాని కింది గడిలో ఉన్న పద్నాలుగో నంబరును ఆ ఖాళీలో పెడుతున్నారు. ఇంత పెద్ద ఎత్తున ఆవర్తన పట్టికలో ఒక గడి కిందికి దిగడం ఇంకెక్కడైనా జరుగుతుందా అని ఆ రాత్రి ఆగలేక బాపుకు ఫోన్ చేశాను.

"ఆరుకు పద్నాలుగుకు నడుమ ఎంత?" అన్నాడు.

ఎనిమిది.

"గంతే మరి. ఒక షిఫ్టు."

అయితే ఒకే వరసలో ఉన్నాయి కదా, పోలిక ఎక్కడిదాకా నిలుస్తుంది? పిల్లలకు నేను చెప్పేది ఈ ఒక్క చోటే కొంచెం గొంతు పెంచి. కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు కలిస్తే కార్బన్ డయాక్సైడ్. సిలికాన్‌కు రెండు ఆక్సిజన్లు కలిస్తే సిలికాన్ డయాక్సైడ్, అంటే సిలికా. ఫార్ములా చూస్తే అన్నదమ్ములే. కానీ మొదటిది గాలి, రెండోది రాయి. మొదటిది చల్లబరిచి గడ్డకట్టించినా మైనస్ 78 డిగ్రీల దగ్గరే మళ్లీ ఆవిరైపోతుంది. రెండోది కరగాలంటే 1,700 డిగ్రీల దాకా కాగాలి.

కారణం సైజు. కార్బన్ చిన్న పరమాణువు. ఆక్సిజన్‌కు బాగా దగ్గరగా జరిగి రెండేసి బంధాలు పెట్టుకోగలదు. ఒక కార్బన్, చెరో పక్కన ఒక ఆక్సిజన్, అంతటితో ఆ ఇల్లు నిండిపోయింది. ఇంకెవరితోనూ పని లేదు. ఆ అణువు విడిగా ఎగిరిపోతుంది. సిలికాన్ ఒక కక్ష్య పెద్దది. అంత దగ్గరికి రాలేదు. అందుకని నాలుగు చేతులతో నలుగురు ఆక్సిజన్లను పట్టుకుంటుంది, ఒక్కో ఆక్సిజన్ రెండో చేత్తో ఇంకో సిలికాన్‌ను పట్టుకుంటుంది, అది ఇంకొకరిని. ఎక్కడా తెగదు. ఒక ఇసుక రేణువు మొత్తం ఒకటే అణువు లాంటిది.

ఇంతవరకు పుస్తకంలో ఉంటుంది. ఛాతీలోకి వెళ్తే ఏమవుతుందో ఆ పాఠంలో ఉండదు. కార్బన్ డయాక్సైడ్‌ను మనం నిమిషానికి పదిహేను సార్లు బయటికి వదిలేస్తుంటాం, ఒంట్లో తయారయ్యేదే అది. సిలికా నలుసు లోపలికి పోతే ఊపిరితిత్తిలోని కాపలా కణం దాన్ని మింగుతుంది. అరిగించుకోలేదు. ఆ కణమే చచ్చిపోతుంది, నలుసు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. ఆ చోట మచ్చ కడుతుంది, మచ్చ పక్కన మచ్చ. దాన్నే సిలికోసిస్ అంటారు. బొగ్గు దుమ్ము కూడా మచ్చలు కడుతుంది, కానీ రాతి దుమ్ము ఇంకా మొండిది. ఒకే వరస, ఒకే ఫార్ములా. ఒకటి వచ్చి పోతుంది, ఒకటి వచ్చి ఉంటుంది.

ఇక ఐదోది, జెర్మేనియం.

1871లో రెండు సంగతులు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకిష్టం. సంబంధం ఉందని మాత్రం అనను. జియాలజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టింది ఆ ఏడు. సింగరేణి కథ అక్కడ మొదలు. అదే ఏడు రష్యాలో మెండలీవ్, తన పట్టికలో సిలికాన్ కింద ఒక గడి ఖాళీగా ఉందని, అక్కడ ఉండాల్సిన మూలకం ఇంకా దొరకలేదని, దొరికితే ఇలా ఇలా ఉంటుందని రాశాడు. పేరు కూడా పెట్టాడు, సంస్కృతంలో: ఏక-సిలికాన్. పరమాణు భారం 72, సాంద్రత 5.5, దాని క్లోరైడ్ వంద డిగ్రీల లోపే మరుగుతుంది. చూడని పిల్లకు ఎత్తు, బరువు రాసిపెట్టినట్టు.

1886లో ఇంకో జత. ఇల్లెందు బొగ్గు తవ్వుకునే హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వచ్చింది ఆ ఏడు. జర్మనీలో ఫ్రైబర్గ్ అనే ఊళ్లో, అది కూడా గనుల ఊరే, అక్కడి గనుల కాలేజీలో ప్రొఫెసరు విన్‌క్లర్ కొత్తగా దొరికిన ఒక వెండి ఖనిజాన్ని విశ్లేషిస్తున్నాడు. ఎన్నిసార్లు తూచినా అన్నీ కలిపి 93 శాతం దగ్గరే ఆగుతోంది. మిగతా 7 శాతం ఏమైంది? నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. లెక్క తప్పిందని సర్దుకొని ఎనిమిదో గంటకు ఇంటికి పోకుండా, ఆ ఏడు శాతం వెంట పడ్డాడు. దొరికింది. పరమాణు భారం 72.6, క్లోరైడ్ 86 డిగ్రీల దగ్గర మరిగింది. మెండలీవ్ ఖాళీగా ఉంచిన గడి నిండింది.

1888లో మెండలీవ్ దొనెత్స్ బొగ్గు ప్రాంతానికి వెళ్లాడు, ఒకటికి మూడుసార్లు. బొగ్గును పైకి తేకుండా భూమిలోనే గ్యాస్‌గా మార్చవచ్చు కదా, మనుషులు దిగే అవసరం తప్పుతుంది అన్న ఆలోచన అక్కడిదే. మా రామగుండంలో బొగ్గును గ్యాస్‌గా మార్చారు కానీ భూమి పైన. ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1980లో బొగ్గుతో యూరియా చేయడం మొదలుపెట్టి 1999లో మూతపడింది. ఇప్పుడు అదే చోట ఆర్ఎఫ్‌సీఎల్ యూరియా చేస్తోంది, బొగ్గుతో కాదు, పైపులో వచ్చే సహజవాయువుతో. ఎఫ్‌సీఐ క్రాస్ రోడ్ మాత్రం పాత పేరుతోనే ఉంది.

జెర్మేనియం బొగ్గులోనే ఉంటుంది. ఆ సంగతి 1930లో గోల్డ్‌ష్మిట్ బొగ్గు బూడిదలో చూపించాడు. కొన్ని బొగ్గుల్లో మరీ అణుమాత్రం, కొన్నిట్లో తీయగలిగినంత. చైనాలో యునాన్ వైపు లిగ్నైట్ బూడిద నుంచి తీస్తున్నారు. 1947లో మొదటి ట్రాన్సిస్టర్ చేసింది జెర్మేనియంతోనే. తర్వాత చవకగా దొరికే, వేడికి ఆగే సిలికాన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. 2023లో చైనా జెర్మేనియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే అందరికీ మళ్లీ గుర్తొచ్చింది. అదే ఏడు మన దేశం 30 కీలక ఖనిజాల జాబితా వేసింది. అందులో గ్రాఫైట్ ఉంది, అంటే కార్బనే. సిలికాన్ ఉంది. జెర్మేనియం ఉంది. తగరం ఉంది. మా వరసలో సీసం ఒక్కదానికే చోటు దొరకలేదు.

సీసానికి అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. బాపు నడుముకు చాలా ఏళ్లు వేలాడింది అదే.

పాత క్యాప్ ల్యాంపు చూడనివాళ్లకు చెప్తాను. లైటు హెల్మెట్ మీద, బ్యాటరీ బెల్టుకు, మధ్యలో వీపు మీదుగా ఒక కేబుల్. బ్యాటరీ లోపల సీసం పలకలు, యాసిడ్. షిఫ్టుకు ముందు ల్యాంప్ రూమ్‌లో తన నంబరు ల్యాంపు తీసుకోవడం, వచ్చాక అదే కొక్కేనికి చార్జింగ్ పెట్టడం. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నాడని లెక్క. బాపు నడుము కుడిపక్కన బెల్టు రాసుకున్న నల్లటి గీత ఉండేది. స్నానం చేసినా పోయేది కాదు.

ఆ లైటు వెలగడానికి కారణం మా పద్నాలుగో గ్రూపు పాఠంలో ఉంది. ఎంసెట్ బిట్లలో తప్పకుండా వచ్చే ముక్క: జడ ఎలక్ట్రాన్ జంట ప్రభావం. గ్రూపులో పైనున్న కార్బన్, సిలికాన్ నాలుగు ఎలక్ట్రాన్లనూ బంధాల్లో పెడతాయి. కిందికి దిగేకొద్దీ రెండు ఎలక్ట్రాన్లు బద్ధకిస్తాయి, కేంద్రకం దగ్గరే ముడుచుకొని ఉంటాయి. సీసం దగ్గరికి వచ్చేసరికి మిగతా రెండే పనికి వస్తాయి. కాబట్టి నాలుగూ పెట్టుబడి పెట్టిన లెడ్ డయాక్సైడ్ ఎప్పుడెప్పుడు ఆ రెండూ వెనక్కి తెచ్చుకుందామా అని చూస్తుంటుంది. తెచ్చుకుంటున్నప్పుడు వచ్చేదే కరెంటు. ఆ బద్ధకానికి మూలం ఇంకా లోతుగా ఉంది. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు. దానికి బాగా దగ్గరగా తిరిగే ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో సగం దాటుతుంది. అంత వేగం దగ్గర ఐన్‌స్టీన్ లెక్కలు వర్తిస్తాయి; ఎలక్ట్రాన్ బరువెక్కి కక్ష్య లోపలికి కుంచించుకుంటుంది. 2011లో ఉప్సాలా, హెల్సింకీ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూశారు. లెడ్ బ్యాటరీ ఒక సెల్లు ఇచ్చే సుమారు 2.1 వోల్టుల్లో 1.7 నుంచి 1.8 దాకా ఈ సాపేక్షత వల్లే వస్తోంది. పై గడిలోని తగరంతో ఇదే బ్యాటరీ చేద్దామంటే కుదరదు. క్యాప్ ల్యాంపుకు రెండు సెల్లులు, నాలుగు వోల్టులు. బాపు కళ్లముందు పడ్డ వెలుతురులో ముప్పాతిక వంతుకు పైగా ఐన్‌స్టీన్‌దే.

తర్వాత లిథియం ల్యాంపులు వచ్చాయి. అరచేతిలో పట్టేంత, కేబుల్ లేదు. సీసం పరమాణు భారం 207, లిథియం 7. "నడుము తేలికైంది గని, ఏదో మర్చిపోయి దిగినట్టున్నది," అన్నాడు బాపు కొన్నాళ్లు.

తగరం అవ్వ ఖాతాలోది. మా ఇంట్లో రెండు ఇత్తడి గంజులుండేవి. ఏడాదికోసారి కళాయి వేసేవాడు వచ్చి గంజును కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, పత్తితో ఒక్క తుడుపు తుడిచేవాడు. తెల్లటి పొగ, లోపలంతా వెండి. ఇత్తడిలోని రాగి చింతపండు పులుసులో దిగకుండా ఆ పూత అడ్డం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టే బొగ్గుల పొయ్యి చాలింది. అవ్వ చివరి పూత వేయించి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడంతా స్టీలు.

ఈ గ్రూపులో అందరికంటే కింద ఇంకొకటుంది, 114వ మూలకం, ఫ్లెరోవియం. ల్యాబులో చేస్తే కొన్ని పరమాణువులు, అవి నిలిచేది కొన్ని సెకన్లు. మా భాషలో బదిలీ వర్కర్. మస్టర్ పడీపడకముందే అయిపోతుంది.

గ్రూపు అంటే కుటుంబం అని పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు మా ఊళ్లో ఈ మాటకున్న ఇంకో బరువు గుర్తొస్తుంది. తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం అక్కడ చాలాకాలం మామూలు సంగతి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మిగిలింది కారుణ్య నియామకం: ఉద్యోగి చనిపోతేనో, ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తేనో ఇంట్లో ఒకరికి పని. అందుకే బొగ్గుగని ఇళ్లలో కొన్ని వాక్యాలకు అర్థం తలకిందులుగా ఉంటుంది. "అన్‌ఫిట్ అయిండట" అంటే ఎదుటివాళ్లు "అదృష్టవంతులు" అంటారు.

తమ్ముడు ఐటీఐ చేసి ఖాళీగా ఉన్నాడు. బాపుకు సర్వీసు ఇంకా ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, చలికాలం దగ్గుంది. బోర్డుకు పెట్టుకున్నాడు. నేను హైదరాబాద్ నుంచి వెళ్లాను. ఎక్స్‌రే తీశారు, ఊపిరి ఊదించి చూశారు, మోకాళ్లు వంచి చూశారు. ఫిట్. ఛాతీ శుభ్రంగా ఉంది.

ఫిల్మ్ నా చేతిలోనే ఉంది. కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. ముప్పై ఏళ్లు నెత్తిమీది ఇసుకరాయిని తొలిచిన మనిషి ఛాతీలో ఒక్క మచ్చ లేదు. ఎలాగో తర్వాత ఆయన జతగాళ్లు చెప్పారు. నీళ్లు కొట్టకుండా డ్రిల్లు పెట్టనిచ్చేవాడు కాదట, ముక్కుకు తడి తువ్వాల కట్టేదాకా ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదట, "చాదస్తం మనిషి" అని పేరట. సిలికాకు సంబంధించి నేను చదివిందంతా ఆ ఫిల్మ్ చూసి ఎగిరి గంతేయమంటోంది. బయట బెంచీ మీద తమ్ముడు తలొంచుకొని కూర్చున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరికీ మాట రాలేదు.

బాపే అన్నాడు. "ఏందిరా, నా చాతి మంచిగున్నదని ఏడుస్తున్నరా?"

అవ్వకు నవ్వొచ్చింది. తర్వాత నిజంగానే ఏడ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ ఫిల్మ్ కవరు ఎవరి ఒళ్లో ఉండాలో తేలక సీటు మీద పెట్టి తెచ్చాం.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఊళ్లో కార్బన్ పని తగ్గలేదు; ఓపెన్‌కాస్టులు ఉన్నాయి, ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు కాలుస్తూనే ఉంది. కాకపోతే అదే ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. పై గడి చేసే పనిలో కొంత కింది గడికి వెళ్లింది. మొదటిసారి చూసినప్పుడు బాపు చాలాసేపు గట్టున నిలబడి, "ఇది కూడా ఇసుకనేనా?" అని అడిగాడు. అవును, బాగా శుద్ధి చేసిన ఇసుక. "మరి మేం కింద పోసిందంతా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదు.

తమ్ముడు లక్ష్మీనగర్‌లో సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టుకున్నాడు. ఆరడుగుల వెడల్పు, ఒక బల్ల, ఒక భూతద్దం, ఒక సోల్డరింగ్ ఐరన్. సోల్డర్ తీగ అంటే తగరం, సీసం. తగరం 232 డిగ్రీలకు, సీసం 327కు కరుగుతాయి, సరైన పాళ్లలో కలిస్తే 183కే కరుగుతాయి. సిలికాన్ చిప్పును బోర్డుకు అతికించేది ఆ రెండే. నేను వెళ్లినప్పుడల్లా వాడికి ఇది చెప్పబోతాను, వాడు "అన్నా, కస్టమర్ ఉన్నడు" అంటాడు.

బాపు రిటైరయ్యాక మధ్యాహ్నాలు ఆ షాపులోనే కూర్చుంటున్నాడు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు చూశాను. ఐరన్ తాకగానే తీగ నుంచి సన్నటి పొగ లేచింది. బాపు లేచి టేబుల్ ఫ్యాన్‌ను పొగ బయటికి పోయేటట్టు తిప్పాడు. అది సీసం పొగ కాదని, ఆ వేడికి సీసం ఆవిరి కాదని, తీగ మధ్యలో ఉండే రోజనం కాలుతోందని చెప్పాను.

"ఏదైతేంది? పొగే గద," అని భుజం మీది తువ్వాల తీసి, బిందెలో ముంచి పిండి, తమ్ముడి చేతికిచ్చాడు.